పన్నెండింటికి పొడిచిన పొద్దు

మా కింది ఫ్లాటులో ఉండే మ్వాలిము పోయిన ఆదివారం చనిపోయారు. ఆ వార్త విని నేను "సరే" అన్నాను. ఆ ఒక్క మాటకి ఇంట్లో నాకు రాతిగుండె అని పేరు పెట్టారు. రెండు రోజులు గడిచాక, భోజనాల బల్ల మీద ఉన్న ఉద్యోగం కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదని గమనించి ఆ పేరు కొట్టేశారు. పాపం దుఃఖంలో ఉంది, బుర్ర పనిచేయడం లేదు, అన్నారు. రెండూ తప్పే. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు మనిషిని ఇంత ధీమాగా తప్పు చదవగలరని నాకు ఈ వారమే తెలిసింది.

వార్త తెచ్చింది మా బిల్డింగు వాచ్‌మన్. జగిత్యాల వైపు మనిషి. నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను.

"మేడం, కింది టీచరమ్మ పోయింది మేడం. పొద్దుగాల నమాజుకు లేవలేదంట. కొడుకు పోయి సూస్తే అప్పటికే అయిపోయింది."

"సరే. ఎప్పుడు తీసుకెళ్తున్నారు?"

"మధ్యాహ్నం జోహర్ నమాజ్ అయినంక. గంతేనా మేడం, ఇంకేం అడగరా?"

పాలు పొంగుకొస్తుంటే స్టవ్ కట్టేశాను. నైట్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన అమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఇదంతా విన్నది. "మనిషి పోతే సరే అంటారేంటే? రెండేళ్ళు నిన్ను కూర్చోబెట్టి టీ పోసిందే ఆవిడ!" అంది. టీ పోసిన మాట నిజమే. లవంగం వేసి.

ముందు ఆ కాగితం సంగతి చెప్పాలి. నేను ఫిజిక్సులో డిగ్రీ, ఆ మీద బీఎడ్ చేశాను. ఏడాదిగా మస్కట్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి తాత్కాలికంగా పాఠాలు చెప్తున్నాను. ఇప్పుడు పర్మనెంటు చేస్తాం, గురువారంలోగా సంతకం పెట్టి ఇమ్మన్నారు. అందులో ఒక షరతు ఉంది: తరగతి గదిలో ఇంగ్లీషు తప్ప మరే భాషా వాడకూడదు. అందరి కాగితాల్లోనూ అది ఉంటుందో, నా కోసమే చేర్చారో తెలియదు. చేర్చడానికి కారణమైతే నేను ఇచ్చాను. నరసాపురం నుంచి కొత్తగా వచ్చి చేరిన ఒక అమ్మాయి హీట్‌కీ టెంపరేచర్‌కీ తేడా అర్థంకాక మూడు రోజులు మొహం వేలాడేసుకుంటే, నాలుగో రోజు తెలుగులో నాలుగు మాటలు చెప్పాను. ఆ పిల్ల మొహం విచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా సూపర్‌వైజర్ నన్ను పిలిచింది.

ఇంకో దారి కూడా నా ముందు ఉంది. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మ్వాలిము మేనకోడలు టాంజానియాలో ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్. రెండేళ్ళు వచ్చి మా పిల్లలకు ఫిజిక్స్ చెప్తావా, అని రెండు నెలల కిందట అడిగింది. నేను అవుననలేదు, కాదనలేదు. మ్వాలిము పోయేనాటికి ఈ రెండు ప్రశ్నలూ అలాగే ఉన్నాయి.

మ్వాలిము అంటే స్వాహిలి భాషలో టీచరు. బిల్డింగులో అందరూ, కింద కిరాణా కొట్టు మలయాళీ కూడా, అలాగే పిలిచేవాళ్ళు. ఒమన్‌లో ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతముత్తాతలు ఇక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా తీరానికి వెళ్ళి స్థిరపడ్డారు, మనవలు తిరిగి వచ్చారు. వాళ్ళ ఇళ్ళలో అరబ్బీతో పాటు స్వాహిలి వినిపిస్తుంది. ఈమె పుట్టింది టాంజానియాలో, టాంగా అనే రేవు పట్నంలో. అక్కడే ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి, భర్త పోయాక, ఇంజనీరైన కొడుకు దగ్గరికి, మస్కట్‌లో మేముండే ఈ రూవి పేటకి వచ్చారు.

నాకు ఆమె పరిచయమైంది గడియారం గొడవ వల్ల. ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయని వాచ్‌మన్‌ని రెండింటికి రమ్మన్నారట. అతను మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి తలుపు కొట్టాడు. పొద్దున్నుంచీ ఎదురుచూసి విసిగి పడుకున్న మనిషి లేచి వచ్చి చెడామడా తిట్టారు. సరిగ్గా అప్పుడే నేను మెట్లెక్కుతూ దొరికాను. పంచాయితీ నా మీద పడింది.

"మీరే చెప్పుండ్రి మేడం, రెండు అన్నదా లేదా? వేళ్ళు గూడ సూపిచ్చింది!"

"రెండే అన్నాను. పొద్దున రెండు. పొద్దు పొడిచాక రెండో గంట," అన్నారామె ఇంగ్లీషులో.

స్వాహిలిలో గంటలు లెక్కపెట్టేది పొద్దు పొడుపు నుంచి. మనకి ఉదయం ఏడైతే వాళ్ళకి ఒకటి. ఎనిమిదైతే రెండు. పొద్దు పొడిచే ఆరు గంటల వేళ వాళ్ళకి పన్నెండు. కోపంలోనో తొందరలోనో ఆమె ఏ భాష మాట్లాడినా లెక్క మాత్రం స్వాహిలిలోనే వచ్చేది. నేను మా అమ్మమ్మ గురించి చెప్పాను. నరసాపురంలో ఆవిడ ఇప్పటికీ గడియారం చూడదు, బారెడు పొద్దెక్కింది అంటుంది. బారెడంటే ఎంతని ఆమె అడిగారు. చేతులు చాపి చూపించాను. ఆమె కూడా చాపారు. మెట్ల గోడలు రెండూ తగిలాయి. "మీ అమ్మమ్మ దగ్గర మంచి గడియారం ఉంది," అన్నారు.

"ఏసీ సంగతేంది మరి?" అన్నాడు వాచ్‌మన్.

నవ్వుకుని మర్చిపోయేదాన్నే. మర్నాడు టీకి పిలిచి ఆమె ఇంకో సంగతి చెప్పారు. అక్కడి బళ్ళలో మొదటి ఏడేళ్ళూ స్వాహిలిలో చెప్తారు. ఎనిమిదో ఏడు నుంచి అన్నీ ఇంగ్లీషు. నిన్నటి దాకా సొంత మాటల్లో చదువుకున్న మొక్క, నీరు, వెలుతురు, సెలవులయ్యి తిరిగి వచ్చేసరికి పరాయి పేర్లతో కూర్చుని ఉంటాయి. అలాంటి కొత్త క్లాసుకి ఆమె ఒక చిన్న పరీక్ష పెట్టారు. సూర్యుడు ఎన్ని గంటలకు ఉదయిస్తాడు, అన్నది ఒక ప్రశ్న. ఒక అమ్మాయి ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తప్పులేకుండా, సూర్యుడు పన్నెండు గంటలకు ఉదయిస్తాడు అని రాసింది.

"ఎందుకలా రాసిందో నాకు తెలుసు. నేనూ ఆ లెక్కలోనే పుట్టాను. అయినా ఎర్రసిరాతో కొట్టేశాను. అంతటితో ఆగినా బాగుండేది. క్లాసులో పైకి చదివాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను," అన్నారు. కప్పులో ఇంకాస్త టీ పోసి, "అదే వాక్యం స్వాహిలిలో చదివి ఉంటే నవ్వడానికేమీ లేదు," అన్నారు.

ఆ ఏడాదంతా ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యెత్తలేదట. ఏడాది చివర బడి మానేసింది. "నా వల్లే మానేసిందని నేననను. ఇంట్లో ఏ కష్టముందో. నా వల్లే అనుకోవడం కూడా ఒక రకం గొప్ప. కానీ ఏడాది పొడుగునా నా మొహం చూడలేదు. అది మాత్రం నా వల్లే." ఈ మాటలు ఆమె హాజరు పట్టీ చదివినట్టు చెప్పారు. ఆ గొంతు నాకు నచ్చింది. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుని చెబితే నేను సాధారణంగా గడియారం చూస్తాను.

ఆ టీ తర్వాత రెండేళ్ళ పాటు వారానికి మూడు సాయంత్రాలు ఆమె వంటింట్లో గడిపాను. నేను అరబ్బీ నేర్చుకుంటున్నానని ఇంట్లో అనుకున్నారు. నాన్న అయితే, మా అమ్మాయికి మినిస్ట్రీలో ఉద్యోగం వచ్చేలా ఉంది, ప్రార్థన చేయండి అని చర్చిలో కూడా చెప్పేశారు. నేను చేసింది వేరే పని. టాంగాలో మేనకోడలి బడి కోసం మ్వాలిము ఒక నోటుబుక్కు రాస్తున్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఫిజిక్స్, పద్నాలుగు పాఠాలు, స్వాహిలిలో. ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని పిల్లలు చదువుకోవడానికి. తన ఫిజిక్స్ పాతబడిందని ఆమెకు అనుమానం. రాసింది ఇంగ్లీషులో చెబితే విని తప్పులు పట్టడానికి నేను.

వంటింట్లో అలమారా తలుపుకి నల్ల రంగు వేయించుకున్నారు. చెంచాల సొరుగులో సుద్దముక్కలు ఉండేవి. నేను ఏదైనా వివరించగానే, "ఇంకోసారి చెప్పు, ఈసారి పుస్తకం మూసి," అనేవారు. మూసి చెబితే సగం వచ్చేది. ఆ మిగతా సగం నాకు అసలు తెలియదని అలా తేలేది.

ఒకరోజు వేడి దగ్గర ఆగాం. వేడిని స్వాహిలిలో జోటో అంటారు. టెంపరేచర్‌ని హాలిజోటో అంటారు. హాలి అంటే స్థితి. వేడి ఏ స్థితిలో ఉందో చెప్పేది హాలిజోటో. మాట విప్పితే పాఠం అందులోనే ఉంది.

"మీ భాషలో?"

"ఉష్ణోగ్రత."

"విప్పు."

నేను సుద్దముక్కతో మాటని రెండుగా విడదీసి రాశాను. ఉష్ణం, ఉగ్రత. వేడి, దాని తీవ్రత. నాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు, ఫిజిక్స్ డిగ్రీ ఉంది. ఆ మాటని అంతకుముందు ఎప్పుడూ విప్పి చూడలేదు. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీషులో చదివాను మరి. నరసాపురం అమ్మాయికి నేను క్లాసులో చెప్పిన నాలుగు మాటలు అవే.

అలాగని మ్వాలిముకి మడి లేదు. విద్యుత్తు అని నేను తలుపు మీద గొప్పగా రాస్తే, "మీ ఇంట్లో అదేనా అంటారు?" అని అడిగారు. ఇంట్లో కరెంటు అంటామన్నాను. "పిల్లల నోట్లో ఉన్నది వాళ్ళ భాషే. అది రాయి," అన్నారు.

ఇదంతా మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులో అని కూడా చెప్పాలి. ఆమెకు తెలుగు రాదు, నాకు అప్పట్లో స్వాహిలి పాతిక మాటలు. స్వాహిలి కోసం ఇంగ్లీషులో వాదించుకోవడంలోని తమాషా ఆమెకు తెలియంది కాదు. "ఇంగ్లీషు వద్దని నేనెప్పుడూ అనలేదు. అర్థమయ్యాక రమ్మన్నాను. అర్థం కంటే ముందు వస్తే గుమ్మంలో నిలబెట్టాను," అనేవారు. ఇంకోటి కూడా ఒప్పుకున్నారు. టాంగాలో మీటింగుల్లో ఊరి పిల్లలందరికీ స్వాహిలిలో చెప్పాలని పట్టుబట్టిన మనిషి, తన ఒక్కగానొక్క కొడుకుని ఏడో ఏట నైరోబీలో ఇంగ్లీషు బోర్డింగు స్కూల్లో వేశారు. "మీటింగుల్లో ఆ సంగతి చెప్పలేదు," అన్నారు. ఇలాంటి మీటింగులు మనకీ తెలుసు. తేడా ఏమిటంటే ఈమె అడక్కుండానే చెప్పారు.

పోయిన ఏడాది ఆమె కాలికి పుండు పడింది. షుగర్. అమ్మ డ్యూటీ నుంచి వస్తూ రోజూ డ్రెస్సింగ్ చేసేది. అలా ఒకసారి కట్టు కడుతూ అమ్మ తన కథ ఇంగ్లీషులో చెప్పింది.

"నాదసలు పదో తరగతి దాకా తెలుగు మీడియమేనండి. నర్సింగులో చేరాక మొదటి పరీక్షలో ఫీమర్ గురించి రాయమన్నారు. నేను ఫీవర్ అనుకుని రెండు పేజీలు రాశాను. చార్టు కూడా గీశాను."

మ్వాలిము నవ్వలేదు. "ఎన్ని మార్కులు?"

"గుండు సున్నా. ట్యూటర్ అందరికీ చూపించింది."

"అది తొడ ఎముక అని ముందు మీ భాషలో చెప్పి, ఆ తర్వాత ఫీమర్ అని ఉంటే?"

"అన్నా చివరికి ఫీమర్ నేర్చుకోవాల్సిందేగా? డాక్టర్లు తొడ ఎముక అని రాయరుగా? ఇక్కడ నాకు వీసా వచ్చింది తొడ ఎముకతో కాదండి. అందుకే దీన్ని మొదటి నుంచీ ఇంగ్లీషులో వేశాను. నేను పడ్డది ఇది పడకూడదని." అమ్మ కట్టు బిగించి కత్తెర అందుకుంది.

"నిజమే," అన్నారు మ్వాలిము.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి నోటుబుక్కులో ప్రతి పేజీకీ నిలువుగా ఒక గీత గీసి ఉంది. అప్పటిదాకా అది వట్టి స్వాహిలి పుస్తకం. ఇప్పుడు గీతకి ఎడమ పక్క స్వాహిలిలో పాఠం, కుడి పక్క అందులోని మాటలకి ఇంగ్లీషు మాటలు. "మీ అమ్మ అడిగింది నేను వేసుకోని ప్రశ్న. పిల్లలకి అర్థమయ్యేలా చెప్పి వదిలేస్తే వాళ్ళు పరీక్ష హాల్లో ఒంటరిగా నిలబడతారు," అన్నారు. అయిపోయాయనుకున్న ఆరు పాఠాలకు కుడి పక్క మళ్ళీ మొదటి నుంచి రాశాం. అమ్మకి ఈ సంగతి తెలియదు. చెబితే తనే గెలిచానంటుంది. గెలిచింది సగం.

మేనకోడలు నన్ను రమ్మని అడిగినప్పుడు, నాకు స్వాహిలి సరిగా రాదు, నేనెలా పనికొస్తాను అన్నాను. మ్వాలిము టీ కప్పు కింద పెట్టి, "రాదు కాబట్టే పనికొస్తావు," అన్నారు. "అన్నీ వచ్చిన టీచరు మాటలు ఇస్తుంది. నువ్వు మీరేమంటారు దీన్ని అని వాళ్ళని అడగాలి. అడిగితే చెప్తారు. ముప్పై ఏళ్ళలో నేను అడగలేదు." వెళ్ళమని మాత్రం అనలేదు. ఉండమనీ అనలేదు. ఆ తర్వాత వేడి టీ చల్లారిందని విసుక్కున్నారు.

పరామర్శ మూడు రోజులు. రెండో రోజు నేనూ అమ్మా కిందకి వెళ్ళాం. హాలు నిండా ఆడవాళ్ళు, మధ్యలో ఖర్జూరాలు, కాఫీ ఫ్లాస్కులు. ఏ భాషలో ఏం చెప్పాలో అమ్మకి తెలియలేదు. అలవాటు కొద్దీ కిటికీ దగ్గరున్న మందుల డబ్బా తీసి, వాడినవీ వాడనివీ వేరు చేస్తూ కూర్చుంది. ఎవరూ వద్దనలేదు.

ఆమె కొడుకు నన్ను వంటింట్లోకి పిలిచాడు. యాభై దాటిన మనిషి, నిద్రలేని కళ్ళు. నల్ల తలుపు మీద తల్లి చివరి రాత అలాగే ఉంది. పదో పాఠం మొదలుపెట్టామని, పైన ఒక మాట రాసి కింద గీత గీశారు. అతను దాన్ని చూపించి ఇంగ్లీషులో అడిగాడు.

"ఇదేం మాట? ఇంట్లో మాటలు నాకొచ్చు. ఇవి రావు."

"కాని," అన్నాను. "ఫోర్స్. బలం."

ఆ మాట నేర్చుకున్న రోజు నేను ఆమెతో చెప్పాను, తెలుగులో కాని అంటే బలం కాదు, చెప్పబోయేదాన్ని వెనక్కి లాగే మాట అని. వెనక్కి లాగాలన్నా బలం కావాలిగా, అన్నారామె. అది అతనికి చెప్పలేదు. అతను తలుపు మీది అక్షరాల దగ్గర వేలు పెట్టి, తాకకుండా, ఒక్కొక్కటే పైకి చదివాడు. చిన్నపిల్లలు కూడబలుక్కున్నట్టు. తర్వాత, "ఫ్లాట్ ఖాళీ చేస్తాను. దీనికి మళ్ళీ తెల్ల రంగు వేయాలి," అన్నాడు. నోటుబుక్కు ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. తొమ్మిది పాఠాలు పూర్తయ్యాయి, ఐదు లేవు.

బుధవారం సాయంత్రం అమ్మ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను.

"సంతకం పెట్టావా?"

"లేదు."

"బాధగా ఉంటే రేపు పొద్దున పెడుదువుగానిలే. ఇంకా టైముందిగా."

"బాధని కాదమ్మా. ఆ షరతు నాకు కుదరదు. టాంగాలో బడికి వస్తానని ఇందాకే ఫోన్ చేసి చెప్పాను."

ఇస్త్రీ పెట్టె ఆగింది. "ఎక్కడా? ఆఫ్రికాలోనా? ఇంగ్లీషులో ఇంత చదివించింది వాళ్ళ భాష నేర్చుకోవడానికా?" పెట్టె నిలబెట్టి, "ఆవిడే ఎక్కించింది నీ బుర్రలోకి," అంది.

"ఆవిడ వెళ్ళమని అనలేదు."

"మరెవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

అమ్మ ఇదివరకు నన్ను చూసినట్టు చూడలేదు. వార్డులో కొత్తగా చేరిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత చొక్కా తిరగేసి, కాలరు అడుగు పక్క నెమ్మదిగా ఇస్త్రీ చేసింది. "మీ నాన్నకి నువ్వే చెప్పుకో," అంది.

గురువారం ఆ కాగితం సంతకం లేకుండానే స్కూల్లో ఇచ్చేశాను. జులైలో టాంగా వెళ్తున్నాను. మిగిలిన ఐదు పాఠాలు అక్కడి పిల్లల్ని అడిగి రాస్తాను.